బర్కస్‌ను దాని బతుకును బట్టి చూడండి

తెలంగాణలో ఇంటింటి కుల సర్వే ముగిసి లెక్కలు వెల్లడయ్యాయి. దేశవ్యాప్త జనగణనలోనూ కులాన్ని నమోదు చేయాలని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో నిర్ణయించింది. ప్రతి సముదాయమూ తన సంఖ్య ఎంత, తన వాటా ఎంత అని చూసుకుంటున్న కాలమిది. ఇటువంటి సమయంలో ఏ లెక్కలోనూ సరిగా ఇమడని ఒక శివారు బస్తీని గురించి మా పాఠకులతో మాట్లాడదలచుకున్నాము. అది హైదరాబాదు దక్షిణ కొసన, చాంద్రాయణగుట్టను ఆనుకుని ఉన్న బర్కస్.

ఈ పేరు వినగానే నగరవాసులకు తియ్యని జామపండ్లు, తెల్లవారగానే పొగలు గక్కే హరీస్, ఈమధ్య వరుసగా వెలసిన మండి హోటళ్లు గుర్తుకు వస్తాయి. సెలవు రోజున కుటుంబంతో వెళ్లి భోంచేసి వచ్చే చోటుగా అది ప్రసిద్ధికెక్కింది. అక్కడ కాపురముంటున్నవారు ఎక్కడినుంచి వచ్చారు, ఏ పని చేసుకుని బతుకుతున్నారు, చట్టం వారిని ఏ వరుసలో నిలబెట్టింది అని అడిగేవారు మాత్రం తక్కువ. పళ్లెంలో వడ్డించినదాన్ని మెచ్చుకుని, వడ్డించినవారి స్థితిగతులను పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

బ్యారక్స్ అన్న ఇంగ్లీషు మాట హైదరాబాదీల నాలుక మీద నలిగి బర్కస్ అయింది. అంటే సైనికుల బస. అసఫ్‌జాహీల కొలువులో పనిచేసిన అరబ్బు సైనికులు ఇక్కడ నివసించారు. వారిలో అత్యధికులు నేటి యెమెన్ దేశపు తూర్పు ప్రాంతమైన హద్రమౌత్ నుంచి వచ్చినవారు. అది వర్షాధారం లేని కొండలోయల నేల. కరవుకాటకాలు, తెగల తగాదాలు తరిమితే అక్కడి యువకులు ఓడలెక్కి తూర్పు ఆఫ్రికాకు, జావా దీవులకు, మన దక్కనుకు వలసపోయారు. మొదట మరాఠా సంస్థానాల్లో కొలువు చేసినవారు 1817-18 యుద్ధంలో ఆ సంస్థానాలు ఇంగ్లీషువారికి ఓడిపోయాక హైదరాబాదు వైపు మళ్లారు. వీరిని ఇక్కడ చావుష్‌లు అన్నారు. అది తుర్కీ భాషలో ఒక సైనిక హోదా పేరు. ఒక ఉద్యోగపు పేరు కాలక్రమంలో ఒక జాతి పేరుగా స్థిరపడిపోయింది.

ఈ అరబ్బులలో కొందరు జమేదార్లు అపారమైన ధనం గడించారు. దర్బారుకే అప్పులిచ్చేటంతటి వారయ్యారు. హైదరాబాదు కొలువులో జమేదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశీకులు ఇక్కడ సంపాదించిన ధనంతో 19వ శతాబ్దంలో హద్రమౌత్‌లో ఒక సుల్తానేట్‌నే స్థాపించారు. అది 1967 వరకు నిలిచింది. వారికి పోటీగా నిలిచిన కసీరీ వంశానికి కూడా హైదరాబాదుతో సంబంధం ఉండేది. అరేబియా సముద్రానికి ఆవలి తీరపు రాజ్యతంత్రం మన మూసీ ఒడ్డున నడిచిన రోజులవి. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ జమేదార్ల ప్రాబల్యాన్ని క్రమంగా అదుపులోకి తెచ్చాడు.

అయితే జమేదారు చరిత్రే సిపాయి చరిత్ర కాదు. జమేదారుకు దేవిడీ ఉండేది, బిరుదు ఉండేది. సిపాయికి నెల జీతం, బ్యారక్సులో ఒక గది ఉండేవి. అతడు స్థానిక ముస్లిం కుటుంబాల ఆడపడుచులను పెళ్లాడి ఇక్కడే సంసారం పెట్టాడు. పిల్లలు తల్లి భాష ఉర్దూ నేర్చుకున్నారు. తండ్రి భాష అరబ్బీ పలకరింపుల్లో, ఒట్లలో, వంటకాల పేర్లలో మిగిలింది. బర్కస్‌లో ఈనాడు కనిపిస్తున్న జనం ఈ సిపాయిల సంతతే. వారి పేర్లలోని 'బిన్', వంశనామాల ముందు వచ్చే 'బా' అనే అక్షరం, ఇరుగుపొరుగున సలాలా అన్న బస్తీ పేరు ఆ పాత బంధాన్ని చెబుతున్నాయి. ఆ బంధం జ్ఞాపకంగానే మిగిలింది తప్ప, దానివల్ల చేతికి వచ్చే ఆస్తి గాని, హక్కు గాని ఏమీ లేదు.

చరిత్రను చెప్పేటప్పుడు చేదును దాచడం మా పద్ధతి కాదు. తెలంగాణ పల్లెల్లో అరబ్బులు, రోహిల్లాలు వడ్డీ వ్యాపారం చేశారు. బాకీల వసూళ్లకు, జాగీర్ల కాపలాకు వారిని పంపేవారు. ఆ దౌర్జన్యాల జ్ఞాపకం పల్లెల్లో చాలాకాలం నిలిచింది. దానికి చరిత్రలో ఉన్న చోటు దానికి ఉండనే ఉంటుంది. కాని తాతముత్తాతలు ఎవరి కొలువులో పనిచేశారన్న దాన్ని బట్టి ఈనాటి పిల్లవాడి బడి, ఉద్యోగం నిర్ణయం కావడానికి వీల్లేదు. ఈ నియమం ఇతర సముదాయాల విషయంలో అందరూ ఒప్పుకుంటున్నదే. బర్కస్ విషయంలోనూ ఒప్పుకోవాలని కోరుతున్నాము.

1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ వారం రోజులతో బర్కస్ పుట్టుకకు కారణమైన ఉద్యోగమే లేకుండా పోయింది. సైన్యాన్ని రద్దు చేశారు. అరబ్బులను పరదేశీయులుగా పరిగణించి అనేకులను నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి ఏడెన్ రేవుకు పంపివేశారు. భర్త అక్కడ, భార్యాబిడ్డలు ఇక్కడ అయిన కుటుంబాలు మిగిలాయి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో ప్రైవేటు కొలువులు కూడా పోయాయి. కార్యాలయాల్లో, విద్యాలయాల్లో ఉర్దూ స్థానం తగ్గడంతో కాస్తో కూస్తో చదువుకున్నవారికి కూడా సర్కారు తలుపులు మూసుకున్నాయి. తరతరాలుగా ఆయుధం తప్ప మరో పనిముట్టు పట్టని ఇళ్లు ఒక్కసారిగా కూలిపనికి, పండ్ల తోటలకు, చిల్లర వ్యాపారానికి దిగవలసి వచ్చింది. వీరికి పునరావాసం ఎలాగన్న ప్రశ్న నాటి పాలకులకు ప్రధానమైనదిగా తోచలేదు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఐదవ అధికరణంలో పౌరసత్వాన్ని వంశంతో ముడిపెట్టలేదు. ఈ దేశంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినవారు, లేదా తల్లిదండ్రులలో ఒకరు ఇక్కడ పుట్టినవారు, లేదా అంతకుముందు కనీసం ఐదేళ్లు ఇక్కడ నివసించినవారు భారత పౌరులే అన్నది. హైదరాబాదు తల్లికి పుట్టిన చావుష్ బిడ్డ ఆ రోజునుంచే సంపూర్ణ భారతీయుడు. ఇంకా వారిని 'అరబ్బులు' అన్న మాటతో సగం పరాయివారిగా చూడటం రాజ్యాంగానికి విరుద్ధమైన చూపు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టడంతో బర్కస్‌కు కొత్త దారి దొరికింది. సౌదీ, కువైట్, ఎమిరేట్స్‌కు మనవాళ్లు డ్రైవర్లుగా, కాపలాదారులుగా, దుకాణాల్లో పనివారుగా వెళ్లారు. పెంకుటిళ్లు డాబాలయ్యాయి. జామతోటలు ముక్కలై ప్లాట్లయ్యాయి. అయితే ఈ సంపాదన చదువు మీదికంటె ఇంటి మీద, పెళ్లి మీద ఎక్కువ ఖర్చయింది. 1990లో కువైట్ సంక్షోభం వచ్చినప్పుడు ఒక దెబ్బ తగిలింది. 2017 జూలై నుంచి సౌదీ ప్రభుత్వం ప్రవాసుల కుటుంబ సభ్యులు ఒక్కొక్కరిపై నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటేటా పెంచుతూ 400 రియాళ్లకు తీసుకుపోవడంతో అనేక కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకుని తిరిగివచ్చాయి. పరదేశపు ఉత్తర్వు ఒకటి మారితే ఇక్కడ పొయ్యి ఆరిపోయే ఆర్థిక వ్యవస్థ అది. దానినే శాశ్వత ఆధారంగా నమ్ముకోలేమని ఇప్పటికే తేలిపోయింది.

అదే గల్ఫ్ మోజు మరొక మచ్చను కూడా తెచ్చింది. వృద్ధ షేకులు డబ్బు చూపి పాతబస్తీ బాలికలను నికాహ్ పేరుతో కొనుక్కుపోయిన ఉదంతాలు మనలను తలదించుకునేలా చేశాయి. 1991లో పదేళ్ల బాలికను విమానంలో కాపాడిన సంఘటన దేశమంతటికీ తెలిసింది. ధర్మం పేరు పెట్టుకుని జరిగిన ఈ వ్యాపారాన్ని మేము ఎప్పుడూ ఖండించాము, ఇకముందూ ఖండిస్తాము. పేదరికం దానికి కారణం కావచ్చును గాని సమర్థన కాజాలదు. దానిని పూర్తిగా తుడిచివేసే సాధనం ఆడపిల్ల చదువే.

ఇక చట్టం సంగతికి వద్దాము. 2007 నాటి 26వ చట్టం ద్వారా ముస్లింలలో వెనుకబడిన 14 వర్గాలను బీసీ-ఇ గా గుర్తించి విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దానిపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతున్నది. ఆ జాబితా చివరి అంశం 'ఇతర ముస్లిం వర్గాలు' అంటూనే కొన్ని వర్గాలను మినహాయించింది. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, నవాయత్ మొదలైన పేర్ల సరసన 'అరబ్' అన్న పేరు కూడా ఉన్నది. ఆ ఒక్క మాటతో బర్కస్ సిపాయి సంతతి అంతా అగ్రవర్ణంగా లెక్కలోకి వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక పోలికను పాఠకులు గమనించాలి. నిజాం కొలువుకు సముద్రం దాటి వచ్చిన సైనిక వర్గాలలో ఆఫ్రికా సంతతి సిద్దీలు కూడా ఉన్నారు. నగరంలో ఎ.సి.గార్డ్స్ అన్న బస్తీ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న వారి దళం పేరునుంచి వచ్చినదే. బర్కస్ మాదిరిగా అది కూడా సైనికుల బసగా మొదలై నివాస బస్తీగా మారినదే. ఇద్దరి ఉద్యోగమూ 1948లోనే పోయింది. సిద్దీలను బీసీ-ఇ లో చేర్చారు. అది ముమ్మాటికీ న్యాయం. ఆ న్యాయాన్ని మేము హృదయపూర్వకంగా బలపరుస్తున్నాము. మరి అదే కొలువు, అదే పతనం, అదే కూలి బతుకు ఉన్న చావుష్‌లను పక్కన పెట్టడానికి ఆధారమేమిటి? అరబ్ అన్న పేరులో ధ్వనించే గౌరవమే ఆధారమైతే, గౌరవం అన్నం పెట్టదు. రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణాలు అడిగేది సామాజిక, విద్యా వెనుకబాటును. వంశపు ప్రతిష్ఠను కొలవమని అవి చెప్పలేదు.

2024 నవంబరులో మొదలైన తెలంగాణ సర్వే ఫలితాలను 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ముస్లింలు జనాభాలో 12.56 శాతమనీ, వారిలో బీసీలు 10.08 శాతమనీ, ఇతరులు 2.48 శాతమనీ ప్రభుత్వం చెప్పింది. బర్కస్ అరబ్బులు ఈ 2.48 లో కలిసిపోయారు. ఆ గంపలో పాత నవాబుల వారసుడూ ఉన్నాడు, మండి హోటలులో అంట్లు తోమే కుర్రవాడూ ఉన్నాడు. ఇద్దరి చదువు, ఆదాయం, ఇల్లు విడివిడిగా తెలిస్తే తప్ప ఎవరికి ఏమి అవసరమో తేలదు. ఆ వివరాలు సర్వే పత్రాల్లో ఉన్నాయి. వాటిని వర్గాలవారీగా బయటపెట్టడమే మిగిలి ఉన్నది.

ఆర్థికంగా బలహీనులైన వర్గాలకు 2019లో వచ్చిన 10 శాతం కోటా ఉన్నది గదా అని కొందరు అనవచ్చును. ఉన్నది, దానిని వినియోగించుకోవాలి కూడా. అయితే అది ఆర్థిక స్థితిని మాత్రమే చూస్తుంది. తరాలుగా చదువు అందని ఇంటి బిడ్డ, ఈ ఏడాది మాత్రమే ఆదాయం తగ్గిన ఇంటి బిడ్డతో ఒకే వరుసలో పోటీపడవలసి వస్తుంది. పైగా ఏటేటా ధ్రువపత్రం కోసం తిరగాలి. చదువు తక్కువైన బస్తీకి ఆ తిరుగుడే పెద్ద అడ్డంకి.

బర్కస్ చుట్టూ ఒకసారి చూడండి. పక్కనే కంచన్‌బాగ్‌లో 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిధాని, రక్షణ పరిశోధన ప్రయోగశాలలు ఉన్నాయి. చాంద్రాయణగుట్టలో కేంద్ర రిజర్వు పోలీసు దళం స్థావరం ఉన్నది. దేశమంతటినుంచి వచ్చినవారు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రహరీగోడకు ఈవలి బస్తీ పిల్లలు ఎందరు ఆ గేటులోపలికి ఉద్యోగులుగా వెళుతున్నారు? ఈ ప్రశ్న ప్రభుత్వానికీ, మనకూ కూడా. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం పరిశ్రమలు శిక్షణార్థులను తీసుకోవలసిందే. ఐటీఐ చదివిన కుర్రవాడికి ఆ తలుపు తెరుచుకుంటుంది. పదవ తరగతి మధ్యలో మానేసి వీసా కోసం పడిగాపులు పడేవాడికి తెరుచుకోదు.

శివారుతనం వల్ల వచ్చిన కష్టాలు వేరు. తోటలు, కుంటలు పోయి ఇళ్లు వచ్చినంత వేగంగా మురుగు కాలువలు, రోడ్లు రాలేదు. 2020 అక్టోబరు వర్షాలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ప్రాంతం నీట మునిగింది. కష్టార్జితంతో కట్టుకున్న ఇళ్లలో బియ్యం, బట్టలతోపాటు పిల్లల సర్టిఫికెట్లు కూడా తడిసి ముద్దయ్యాయి. తక్కువ ధరకు దొరుకుతుందని పల్లంలో స్థలం కొన్నవాడిని ఆక్రమణదారుడని నిందించేముందు, ఆ లేఅవుటు వేసినవారిని, రిజిస్ట్రేషన్ చేసినవారిని, కరెంటు మీటరు ఇచ్చినవారిని కూడా అడగాలి.

అందుచేత ప్రభుత్వం ముందు మేము ఉంచుతున్న కోరికలు ఇవి. మొదటిది, రాష్ట్ర బీసీ కమిషన్ బర్కస్, దాని పరిసర బస్తీల్లోని అరబ్బు సంతతివారి విద్య, ఉపాధి, నివాస పరిస్థితులపై ప్రత్యేక అధ్యయనం జరపాలి. 2021 నాటి 105వ రాజ్యాంగ సవరణతో రాష్ట్రాలు తమ వెనుకబడిన తరగతుల జాబితాను తామే రూపొందించుకునే అధికారం తిరిగి పొందాయి. కనుక ఢిల్లీ వైపు చూపించి తప్పుకునే అవకాశం లేదు. అధ్యయనంలో వెనుకబాటు తేలితే మినహాయింపు తొలగించాలి, తేలకపోతే ఆ మాటే బహిరంగంగా చెప్పాలి. రెండవది, సర్వేలోని వివరాలను వర్గాలవారీగా ప్రకటించాలి. మూడవది, ఈ ప్రాంతపు యువతకు పక్కనున్న పరిశ్రమలకు పనికివచ్చే వృత్తివిద్యను అందించి, అప్రెంటిస్ నియామకాల సమాచారాన్ని ఉర్దూలో కూడా బస్తీలకు చేర్చాలి. నాలుగవది, చెరువు కట్టలను, వరద కాలువలను వర్షాకాలానికి ముందే బాగుచేయాలి.

సముదాయానికి చెప్పవలసినదీ ఉన్నది. అరబ్బీ పేర్లలో తన పేరు, 'బిన్' తర్వాత తండ్రి పేరు, ఆపై వంశనామం ఉంటాయి. మన దరఖాస్తు ఫారాల్లో ఇంటిపేరు గడి మొదట వస్తుంది. బడిలో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో మరో రకంగా పేరు పడి, కొన్నిచోట్ల 'బిన్' ఎగిరిపోయి, ఒకే మనిషి ముగ్గురుగా కనిపించడం కార్యాలయాల్లో పనిచేసినవారందరికీ తెలిసిన బాధే. బిడ్డను బడిలో చేర్పించే రోజునే జనన ధ్రువపత్రంలో ఉన్నట్టుగా, అక్షరం పోకుండా పేరు రాయించండి. పత్రాలకు నకళ్లు తీసి వేరొక ఇంట భద్రపరచండి. 2027 జనగణనలో ఎన్యూమరేటరు వచ్చినప్పుడు మీ వర్గాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. 'షేక్' అని రాయించుకుంటే బీసీ-ఇ వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తప్పుడు ధ్రువపత్రంతో వచ్చిన సీటు, ఉద్యోగం ఏనాడైనా పోవచ్చును. అంతకుమించి, మన సంఖ్యను మనమే చెరిపేసుకుంటే రేపు హక్కు అడగడానికి ఆధారమే ఉండదు.

పెళ్లిళ్లలో ఆడంబరం తగ్గించి ఆ డబ్బును ఆడపిల్లల ఇంటర్, డిగ్రీ చదువుకు మళ్లించాలని మస్జిద్ కమిటీలకు, బస్తీ పెద్దలకు మనవి చేస్తున్నాము. జుమా ప్రసంగంలో నెలకొక్కసారైనా ప్రవేశ పరీక్షల తేదీలు, స్కాలర్‌షిప్ గడువులు ప్రకటిస్తే అదే గొప్ప సేవ.

బర్కస్ ఈ నగరానికి ఇచ్చినది తక్కువేమీ కాదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌కు మూలం ఈ అరబ్బుల హరీసే. పెళ్లి ఊరేగింపుల్లో, పండుగ జాతరల్లో హిందూ ముస్లిం భేదం లేకుండా అందరి కాళ్లూ కదిలించే మర్ఫా వాద్యాన్ని తెచ్చినది అరబ్బులు, సిద్దీలే. వారి రుచిని, దరువును ఈ నగరం తనదిగా చేసుకున్నది. వారి పిల్లలను కూడా తనవారిగా చేసుకుని, బడిలో, కొలువులో వారికి చెందవలసిన చోటు ఇవ్వాలి. బీసీ కమిషన్ అధ్యయనం కోసం ఈ బస్తీవాసులు ఇచ్చే ప్రతి వినతిపత్రానికీ మా పత్రిక అండగా నిలుస్తుందని తెలియజేస్తున్నాము.